చెవిలో హోరు, పట్టని నిద్ర, ఆక్యుపంక్చర్ సూది



నాకు పని నేర్పిన పెద్ద డాక్టరుగారి పేరు మీద ఏటా జరిగే ఈ ఉపన్యాసంలో చెవి, ముక్కు, గొంతు వైద్యంలో వచ్చిన కొత్త సంగతులు చెప్పుకోవడం ఆనవాయితీ. నిర్వాహకులు నన్ను కాక్లియర్ ఇంప్లాంట్ల మీద మాట్లాడమన్నారు. ఆ పని నాకన్నా బాగా చేయగలవాళ్ళు ముందు వరసలోనే కూర్చున్నారు. అందుకని నేను ఓపీలో తరచుగా వినే ఒక ప్రశ్నను పట్టుకొచ్చాను. చెవిలో హోరుతో రాత్రిళ్ళు కంటి మీద కునుకు లేని మనిషి, మందులన్నీ వాడి విసిగిపోయి, చీటీ తీసుకుని వెళ్ళబోతూ తలుపు దగ్గర ఆగి అడుగుతాడు: "సార్, సూదులు వేయించుకోమంటారా?" ఆయన అడిగేది ఆక్యుపంక్చర్ గురించి.

మనలో కొందరు "అదంతా ఉత్తదే" అని కొట్టిపారేస్తారు. కొందరు "వేయించుకోండి, పోయేదేముంది" అని సాగనంపుతారు. రెండు జవాబులూ పేషెంటును గది బయటికి పంపడానికి పనికొస్తాయి, అంతవరకే. మొదటి జవాబు చెప్పేవాళ్ళు ఈ విషయం మీద జరిగిన పరీక్షలు చదివి ఉండరు. రెండో జవాబు చెప్పేవాళ్ళూ చదివి ఉండరు.

పెద్ద డాక్టరుగారి దగ్గర నేను పని నేర్చుకున్న రోజుల్లో ఒకటి గమనించాను. హోరు అంటూ వచ్చిన పేషెంటు కూర్చోగానే ఆయన చెవిలోకి చూసేవారు కాదు. తల అద్దం నుదుటి మీదికి తోసి "రాత్రి ఎట్లా గడుస్తున్నది?" అని అడిగేవారు. ఆయన రిజిస్టరులో ఈ పేషెంట్లకు రెండు గడులు విడివిడిగా ఉండేవి. ఒకదాంట్లో హోరు, ఇంకోదాంట్లో నిద్ర. కొన్ని నెలల తర్వాత మళ్ళీ వచ్చినవాళ్ళకు మొదటి గడిలో చాలాసార్లు 'అట్లనే' అని రాసి ఉండేది. రెండో గడిలో 'పడుతున్నది' అని ఉండేది. హోరు అట్లాగే ఉండగా నిద్ర ఎట్లా వచ్చింది? నా ఉపన్యాసం మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఆక్యుపంక్చర్ సూదిని హోరు తగ్గించమంటే అది చేయగలదనడానికి నమ్మదగిన ఆధారం లేదు. నిద్ర గురించి అడిగితే కొంత జవాబు చెబుతుంది. ఆ కొంత ఎంతో చూద్దాం.

ముందు హోరు సంగతి. బయట ఏ శబ్దమూ లేకుండానే చెవిలోనో, తలలోనో వినిపించేది టినిటస్. కీచురాళ్ళంటారు ఒకరు, కుక్కరు అంటారు ఇంకొకరు. సుశ్రుతుడు లెక్కపెట్టిన 28 చెవి రోగాల్లో కర్ణనాదం ఉంది కాబట్టి ఇది డీజేలతో పుట్టిన జబ్బు కాదు. డీజేలు దాన్ని పెంచి పోషిస్తున్నాయి, అది వేరే సంగతి. చెక్ సంగీతకారుడు స్మెతానాకు 1874లో వినికిడి పోయింది. రెండేళ్ళ తర్వాత రాసిన మొదటి స్ట్రింగ్ క్వార్టెట్ చివరి భాగంలో, సంగీతం హుషారుగా సాగుతుండగా, తన చెవిలో మోగిన సన్నటి పైస్వరాన్ని వయొలిన్ మీద ఉన్నట్టుండి పలికించాడు. టినిటస్ అంటే ఏమిటని విద్యార్థులు అడిగితే నేను ఆ ముక్క వినిపిస్తాను. పుస్తకంలో పేజీ చదవడం కన్నా అది మేలు.

అనేక దేశాల సర్వేలను కలిపి 2022లో జామా న్యూరాలజీ పత్రిక ప్రచురించిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళలో సుమారు 14 శాతం మందికి టినిటస్ ఉంటుంది. తీవ్రంగా బాధపడేవాళ్ళు సుమారు 2 శాతం. మిగతా 12 శాతం మంది దానితోనే తిని, తిరిగి, పడుకుని లేస్తున్నారు. ఇంకా వెనక్కి వెళితే 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు చెవులు బాగా వినపడే 80 మందిని శబ్దం చొరబడని గదిలో కూర్చోబెట్టి, ఏం వినిపిస్తున్నదో రాయమన్నారు. 94 శాతం మంది ఏదో ఒకటి వినిపిస్తున్నదనే రాశారు. నిశ్శబ్దంలో కూర్చుంటే దాదాపు అందరి చెవులూ ఏదో ఒకటి చెబుతాయన్నమాట.

అయితే ఆ 2 శాతానికి హోరు మరీ పెద్దగా ఉంటుందా? ఆడియోమీటరు పెట్టి పేషెంటు హోరుకు సరిపోయే శబ్దాన్ని వెతికితే, చాలాసార్లు అది అతనికి వినపడే కనీస శబ్దం కన్నా పది డెసిబెళ్ళకు మించి ఎక్కువ ఉండదు.  హాయిగా నిద్రపోయేవాడికీ అంతే, తెల్లవార్లూ కూర్చునేవాడికీ అంతే. బాధను శబ్దం సైజుతో కొలవలేం.

సిరిసిల్ల నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. జీవితమంతా మరమగ్గాల షెడ్డులో పనిచేశాడు. ఆడియోగ్రాం తీస్తే 4000 హెర్ట్జ్ దగ్గర గీత గుంటలో పడిపోయింది, మోతలో పనిచేసినవాళ్ళలో చాలామందికి ఉండే గుంటే. "సాంచలు బందయినా నా చెవులల్ల బంద్ కాలే సార్" అన్నాడు. "పొద్దంత యాదికి రాదు. పండుకుంటె షురువైతది." ఆయన చెప్పిన రెండో ముక్కలోనే సగం వైద్యం ఉంది.

ఆయన చెవిలో జరిగింది ఇది. లోపలి చెవిలో ఉండే ఒక్కో కాక్లియాలో, వినికిడికి కావలసిన కేశకణాలు లోపలి వరసలో సుమారు 3,500, బయటి వరసల్లో సుమారు 12,000 ఉంటాయి. మోతకు, వయసుకు, కొన్ని మందులకు అవి చచ్చిపోతాయి, మళ్ళీ మొలవవు. స్ట్రెప్టోమైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు తీసుకున్న క్షయ రోగుల్లో దీన్ని మన దేశం చాలా చూసింది. చెవి నుంచి సమాచారం రావడం తగ్గేసరికి మెదడులోని శ్రవణ కేంద్రాలు వచ్చే కాస్తను పెద్దది చేసుకోవడం మొదలుపెడతాయి. ఆ క్రమంలో తమ సొంత అలజడినే శబ్దంగా వింటాయి. 1990లో జాస్ట్రెబాఫ్ అనే పరిశోధకుడు దీనికి ఇంకొక మెట్టు చేర్చాడు. ఆ శబ్దాన్ని మెదడు 'ప్రమాదం' అని ముద్ర వేసుకుంటే భయానికి, గుండెదడకు సంబంధించిన వ్యవస్థలన్నీ మేలుకుంటాయి. ముద్ర వేయకపోతే అది పక్కింటి పంపు మోత లెక్క వినీ విననట్టు పోతుంది. పగలు పనిలో మరిచిపోయేది రాత్రి చీకట్లో, నిశ్శబ్దంలో ప్రమాదమైపోయేది ఇందుకే.

ఇక నిద్ర. నిద్రలేమిని మొదలుపెట్టే కారణం వేరు, దాన్ని ఏళ్ళ తరబడి నడిపించే కారణం వేరు అని నిద్ర పరిశోధకుడు స్పీల్‌మన్ 1980లలో చెప్పాడు. మన పేషెంట్లలో ఇది కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. మొదలుపెట్టింది హోరు. నడిపిస్తున్నది మాత్రం ఆ మనిషి నిద్ర కోసం చేస్తున్న ప్రయత్నాలు. రాత్రి నిద్ర పట్టదని ఎనిమిదికే మంచమెక్కుతాడు. మధ్యాహ్నం కాస్త నడుం వాలుస్తాడు. రాత్రి రెండింటికి గోడ గడియారం చూస్తాడు, మళ్ళీ మూడింటికి చూస్తాడు. మంచం చూస్తేనే గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. పక్కింటాయన ఇచ్చిన అల్ప్రాజోలం బిళ్ళ ఒకటి వేసుకుంటాడు, అది రెండవుతుంది.

ఇక్కడ తెలంగాణలో పనిచేసే డాక్టర్లకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. మన దగ్గర కల్తీకల్లులో అల్ప్రాజోలం, డయాజిపాం కలుపుతారన్నది ఎక్సైజ్ కేసుల్లో పదేపదే బయటపడిన సంగతి. ఏళ్ళ తరబడి ఆ కల్లు తాగిన మనిషి ఉన్నట్టుండి మానేస్తే నిద్ర పూర్తిగా పోతుంది, చేతులు వణుకుతాయి, చెవుల్లో హోరు కూడా మొదలవుతుంది. ఈ మందుల ఉపసంహరణలో టినిటస్ ఒక లక్షణమే. ఆ మనిషిని సూదుల డాక్టరు దగ్గరికి పంపినా, నా దగ్గరికి పంపినా ఉపయోగం లేదు. మందును మెల్లగా తగ్గించే వైద్యుడు కావాలి. అందుకే హోరు గురించి వచ్చినవాడిని "కల్లు తాగుతావా, ఎప్పుడు మానేశావు?" అని నేను మొహమాటం లేకుండా అడుగుతాను. ఇంట్లోవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. చిన్నబుచ్చుకోనీ.

ఇప్పుడు సూది దగ్గరికి వద్దాం. చైనాలో దీనికి రెండువేల ఏళ్ళు దాటిన చరిత్ర ఉంది. 1938లో చైనాకు మన కాంగ్రెస్ పంపిన అయిదుగురు డాక్టర్ల బృందంలో ద్వారకానాథ్ కోట్నిస్ పేరు సినిమా వల్ల అందరికీ తెలుసు. అదే బృందంలోని విజయ్‌కుమార్ బసు పేరు తెలిసినవాళ్ళు తక్కువ. 1950ల చివర మళ్ళీ చైనా వెళ్ళి ఈ విద్య నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టింది ఆయనే. పశ్చిమ బెంగాల్ 1996లో దీనికి ప్రత్యేకంగా చట్టం చేసింది. అమెరికాకు ఈ కబురు తెలిసింది 1971 జులైలో. న్యూయార్క్ టైమ్స్ విలేకరి జేమ్స్ రెస్టన్‌కు పెకింగ్‌లో అపెండిసైటిస్ ఆపరేషన్ అయింది. తర్వాత వచ్చిన పొట్ట ఉబ్బరానికి సూదులు వేశారని ఆయన రాశాడు. ఆపరేషన్ మామూలు మత్తుమందుతోనే జరిగింది. జనం నోళ్ళలో పడేసరికి సూదులతోనే పొట్ట కోశారన్న కథగా మారింది. ఆక్యుపంక్చర్ మీద నమ్మకాల్లో సగం, వెటకారాల్లో సగం ఆ తప్పు కథ నుంచే పుట్టాయి.

ఒక ఆక్యుపంక్చర్ వైద్యుడి గదిలో కూర్చుని నేను ఈ చికిత్స దగ్గర నుంచి చూశాను. పేషెంటును పడుకోబెట్టి, లైటు తగ్గించాడు. చెవి తమ్మె వెనక, ఎముకకూ దవడకూ మధ్య ఉన్న గుంటను వేలితో వెతికి, అక్కడ స్పిరిట్ దూదితో తుడిచాడు. సూది పావు మిల్లీమీటరు మందం, సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో ఉంటుంది. గొట్టం చర్మం మీద ఆనించి పైన వేలితో ఒక్క తట్టు తట్టాడు. గొట్టం తీసేసి, సూదిని రెండు వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పుతూ లోపలికి దించాడు. "ఇప్పుడు ఎట్లున్నది?" అన్నాడు. "బరువుగా లాగుతున్నది" అన్నది ఆమె. ఆ లాగుడే ఆయనకు కావలసింది. దాన్ని వాళ్ళు దే చీ అంటారు. ఆయన సూదులు దించిన చుక్కలు ఇవి: చెవి ముందర టింగ్‌గోంగ్, చెవి వెనక యీఫెంగ్, మణికట్టు ముడత మీద చిటికెనవేలి వైపు షెన్‌మెన్, కాలి చీలమండ లోపలి వైపు తైషీ. తైషీ ఎందుకంటే వాళ్ళ సిద్ధాంతంలో చెవి మూత్రపిండాలకు ద్వారం. షెన్‌మెన్ ఎందుకంటే మనసుకు నెలవు గుండె. ఇరవై నిమిషాల తర్వాత సూదులు తీసేసరికి ఆమె సన్నగా గురక పెడుతున్నది.

మూత్రపిండానికీ చెవికీ ఆ దారి ఉందని నేను నమ్మను. కానీ ఆ చుక్కల కింద ఏముందో అనాటమీ చదివినవాళ్ళకు తెలుసు. చెవి ముందర ట్రైజెమినల్ నాడి కొమ్మ ఉంది. చెవి వెనక మెడ రెండో, మూడో వెన్నునాడుల కొమ్మ ఉంది. ఈ రెండు దారుల నుంచీ మెదడుకాండంలోని డోర్సల్ కాక్లియర్ న్యూక్లియస్‌కు సంకేతాలు వెళతాయి. చెవి నుంచి వచ్చే శబ్దం మొదట ఆగే మజిలీల్లో అదొకటి. 1999లో రాబర్ట్ లెవిన్ అనే పరిశోధకుడు చూపించినట్టు, చాలామంది టినిటస్ పేషెంట్లు పళ్ళు గట్టిగా బిగిస్తే, మెడ తిప్పితే హోరు మారుతుంది. ఇప్పుడు హాల్లో హోరు ఉన్నవాళ్ళెవరైనా పళ్ళు బిగించి చూడండి. నాలుక మీద చిన్న కరెంటు ప్రేరణతో పాటు చెవిలో శబ్దాలు వినిపించే ఒక పరికరానికి అమెరికాలో ఎఫ్‌డీఏ 2023లో అనుమతి ఇచ్చింది. అదీ ఈ దారి మీద ఆధారపడిందే. కాబట్టి చెవి చుట్టూ చర్మాన్ని ప్రేరేపిస్తే హోరు మీద ప్రభావం ఉంటుందనడం వింత మాటేమీ కాదు. కానీ ఉండవచ్చు అన్నది వేరు, ఉంది అన్నది వేరు.

ఉందా అని చూసినవాళ్ళేమన్నారు? 2000లో పార్క్, వైట్, ఎర్న్‌స్ట్ అనే పరిశోధకులు టినిటస్ మీద జరిగిన 6 యాదృచ్ఛిక పరీక్షలను కలిపి చూసి, పనిచేస్తున్నట్టు రుజువు కాలేదన్నారు. ఆ తర్వాత పరీక్షలు పెరిగాయి. 2014లో అమెరికన్ చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆక్యుపంక్చర్ దగ్గర 'వద్దు' అని లేదు, 'చేయండి' అనీ లేదు. ఏ సిఫారసూ చేయలేమన్నారు. పరీక్షలు ఎక్కువగా వచ్చింది చైనా నుంచి. 1998లో ఆండ్రూ విక్కర్స్ బృందం ఒక చిత్రమైన లెక్క వేసింది. చైనా, జపాన్, హాంకాంగ్, తైవాన్‌లలో జరిగిన ఆక్యుపంక్చర్ పరీక్షలన్నీ, ఒక్కటి కూడా మినహాయింపు లేకుండా, పనిచేసిందనే తేల్చాయి. ఏ చికిత్సా ప్రతిసారీ గెలవదు. ప్రతిసారీ గెలుస్తున్నదంటే ఓడిపోయిన పరీక్షలు అచ్చు కావడం లేదని అర్థం. ఆ దేశాల మీద నింద వేయడానికి చెప్పడం లేదు. మందుల కంపెనీలు పడమటి దేశాల్లో చేసిందీ ఇదే.

కొలబద్ద విషయంలో ఇంకొక చిక్కు ఉంది. టినిటస్ పరీక్షల్లో ఎక్కువగా వాడేది టినిటస్ హ్యాండీక్యాప్ ఇన్వెంటరీ. 25 ప్రశ్నలు, వంద మార్కులు. అందులో రాత్రి నిద్ర పట్టడం గురించి నేరుగా అడిగేది ఒకే ఒక్క ప్రశ్న. మార్కులు పదిహేను తగ్గాయంటే ఆ మనిషి నిద్రపోతున్నాడో లేదో మనకు తెలియదు. నిద్రను కొలవడానికి ఇన్సోమ్నియా సివియారిటీ ఇండెక్స్ అని వేరే ఉంది, 7 ప్రశ్నలు, 28 మార్కులు. చెవి డాక్టర్లు మొదటిది వాడతారు, నిద్ర డాక్టర్లు రెండోది వాడతారు. హోరు వల్ల నిద్రపట్టని మనిషి ఇద్దరి మధ్య జారిపోతున్నాడు. హోరు, నిద్రలేమి కలిసి ఉన్నవాళ్ళ మీద ప్రత్యేకంగా జరిగిన ఆక్యుపంక్చర్ పరీక్షలు తక్కువ, ఉన్నవి చిన్నవి.

కాబట్టి నిద్రలేమి మీద జరిగిన పరీక్షల నుంచే మనం ఎరువు తెచ్చుకోవాలి. 2012లో వైద్య పరీక్షలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 33 పరీక్షలు, 2,293 మంది పేషెంట్లను కలిపి చూసింది. కొంత మేలు కనిపించింది గానీ పరీక్షల నాణ్యత తక్కువ కాబట్టి అవునని గానీ కాదని గానీ చెప్పలేమంది. తర్వాత కొంచెం మెరుగైనవి వచ్చాయి. 2017లో షాంఘై నుంచి వచ్చిన ఒక పరీక్షలో 72 మందికి నాలుగు వారాల పాటు కొందరికి నిజం సూదులు, కొందరికి ఉత్తుత్తి సూదులు వేశారు. నిజం సూదుల వాళ్ళ నిద్ర మెరుగుపడింది. నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది 2019లో అమెరికాలో షీలా గార్లండ్ బృందం ప్రచురించినది. క్యాన్సర్ నుంచి బయటపడి నిద్రలేమితో బాధపడే 160 మందిలో సగం మందికి ఆక్యుపంక్చర్, సగం మందికి నిద్రలేమి కోసం తయారైన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఇచ్చారు. ఎనిమిది వారాలకు ఇందాక చెప్పిన 28 మార్కుల కొలతలో థెరపీ వాళ్ళకు 10.9, సూదుల వాళ్ళకు 8.3 తగ్గాయి. సూది ఓడింది. కానీ 8.3 చిన్న సంఖ్య కాదు. పైగా వీళ్ళూ మన టినిటస్ పేషెంట్లలాగే ఒక అసలు జబ్బు నీడలో నిద్ర పోగొట్టుకున్నవాళ్ళు.

ఉత్తుత్తి సూది అన్నాను. అదేమిటో చెప్పాలి. 1998లో జర్మనీలో స్ట్రైట్‌బెర్గర్ దాన్ని తయారుచేశాడు. సురభి నాటకంలో పొడిస్తే పిడిలోకి ముడుచుకుపోయే కత్తిలా, ఆ సూది మొన చర్మాన్ని గుచ్చినట్టు అనిపించి పిడిలోకి వెళ్ళిపోతుంది. పేషెంటుకు తేడా తెలియదు. చిక్కేమిటంటే ఉత్తుత్తి సూది కూడా చర్మాన్ని తాకుతుంది, నాడిని కదుపుతుంది, మంచం మీద పడుకోబెట్టి లైటు తగ్గించే వైద్యుడు అక్కడా ఉంటాడు. 2007లో జర్మనీలో నడుంనొప్పి మీద 1,162 మందితో జరిగిన పెద్ద పరీక్షలో నిజం సూదులు వేసినవాళ్ళలో 47.6 శాతం, ఉత్తుత్తి సూదులు వేసినవాళ్ళలో 44.2 శాతం, మామూలు వైద్యం అందినవాళ్ళలో 27.4 శాతం బాగుపడ్డారు. చుక్కలు ఎక్కడున్నాయన్నది పెద్దగా లెక్కలోకి రాలేదు. ఏదో ఒకటి చేయడం బాగానే లెక్కలోకి వచ్చింది.

ఆ ఏదో ఒకటి ఏమిటో హార్వర్డ్‌లో టెడ్ కాప్‌చక్ విడదీశాడు. పేగుల జబ్బు ఉన్న 262 మందిలో కొందరిని ఊరికే వేచి ఉండమన్నారు. కొందరికి ఉత్తుత్తి సూదులు వేసి పెద్దగా మాట్లాడకుండా పంపారు. కొందరికి అవే ఉత్తుత్తి సూదులు వేసి, ఆదరంగా కూర్చుని వాళ్ళ బాధ విన్నారు. మూడు వారాలకు ఉపశమనం దొరికిందన్నవాళ్ళు వరసగా 28, 44, 62 శాతం. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఈ అంకెలు చూసినప్పుడల్లా నాకు మన ఓపీ గుర్తొస్తుంది. మూడు నిమిషాలకొక పేషెంటు. ఆక్యుపంక్చర్ వైద్యుడు హోరు మనిషికి నలభై నిమిషాలు ఇస్తున్నాడు. అలజడి వల్ల పోయిన నిద్ర ఆ నలభై నిమిషాల ప్రశాంతత వల్ల కొంత తిరిగి వస్తే అందులో మోసమేమీ లేదు. చుక్కల మహిమ అని చెబితే మాత్రం అది నిజం కాదు.

సూదులను వెక్కిరించే మనం మన చీటీలు కూడా ఒకసారి చూసుకోవాలి. ఒట్టి టినిటస్‌కు బీటాహిస్టిన్ ఇవ్వవద్దని బ్రిటన్ నైస్ సంస్థ 2020లో స్పష్టంగా చెప్పింది. జింకో, జింక్, మెలటోనిన్ సిఫారసు చేయవద్దని 2014 అమెరికన్ మార్గదర్శకాలు చెప్పాయి. మన ఊళ్ళ మందుల షాపుల్లో ఈ హోరుకు అమ్ముడయ్యేవి ఏవో షాపువాళ్ళనే అడగండి. సూదికి రుజువు చాలలేదు. ఈ బిళ్ళలకు పనిచేయవన్న రుజువే ఉంది.

గట్టి రుజువు ఉన్నది వేటికి? వినికిడి తగ్గినవాళ్ళకు హియరింగ్ ఎయిడ్. బాధ తగ్గడానికి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, దాని మీద 2020 నాటి కాక్రేన్ సమీక్షలో 28 పరీక్షలు ఉన్నాయి. నిద్రకు ఆ థెరపీలోనే నిద్ర కోసం చేసిన రకం. దీర్ఘకాల నిద్రలేమికి మందులకన్నా ముందు ఇదే ఇవ్వాలని అమెరికన్ ఫిజీషియన్ల సంఘం 2016లో చెప్పింది. అందులో అసలు పని మొరటుగా ఉంటుంది. నిద్ర ముంచుకొచ్చేదాకా మంచమెక్కకూడదు. ఇరవై నిమిషాల్లో పట్టకపోతే లేచి బయట కూర్చోవాలి. ఎంత ఆలస్యంగా పడుకున్నా ఒకే వేళకు లేవాలి. మంచం మీద గడిపే గంటలను ముందు కుదించి, నిద్ర నిండుతున్న కొద్దీ పెంచాలి. మొదటి రెండు వారాలు పేషెంటు మనల్ని తిట్టుకుంటాడు. ఇది నేర్పేవాళ్ళు హైదరాబాదులో కొద్దిమంది, జిల్లాల్లో దాదాపు లేరు. ఆక్యుపంక్చర్ క్లినిక్ మాత్రం బస్టాండు పక్కన ఉంటుంది. సూదుల దగ్గరికి జనం వెళుతున్నది మూఢనమ్మకంతో అనుకుంటే పొరపాటు. ఎవరు అందుబాటులో ఉంటే వాళ్ళ దగ్గరికి వెళుతున్నారు.

పూర్తి నిశ్శబ్దం ఈ జబ్బుకు శత్రువు. మన ఇళ్ళలో సీలింగ్ ఫ్యాను చేసే మేలును ఎవరూ గుర్తించరు, చలికాలంలో దాన్ని ఆపినప్పుడు తప్ప. నవంబరులో నా దగ్గరికి హోరు పెరిగిందంటూ వచ్చేవాళ్ళలో కొందరికి నేను చెప్పేది దుప్పటి కప్పుకుని ఫ్యాను వేసుకోమని. కరెంటు పోయే ఊళ్ళలో ఫోనులో వాన చప్పుడు సన్నగా పెట్టుకున్నా చాలు. హోరును ముంచేసేంత పెద్దగా వద్దు, దాని పక్కన ఉంటే సరిపోతుంది.

ఎవరిని సూదుల దాకా పంపకూడదో చెప్పకపోతే నేను చెవి డాక్టరును కాను. ఒక చెవి ఉన్నట్టుండి వినపడకుండా పోయి హోరు మొదలైతే అది అత్యవసరం. మొదటి రోజుల్లోనే స్టెరాయిడ్లు మొదలుపెట్టాలి, రెండు వారాలు దాటితే అవకాశం తగ్గిపోతుంది. "ముందు సూదులు చూద్దాం" అనుకుంటే ఆ చెవి మళ్ళీ దొరకకపోవచ్చు. హోరు గుండె కొట్టుకున్నట్టు లయగా వినిపిస్తే రక్తనాళాలు చూడాలి. ఒకవైపే ఉంటే, దానికి వినికిడి తేడా తోడైతే, ఎమ్మారై చేసి నాడి మీద గడ్డ లేదని తేల్చుకోవాలి. చెవి కారుతుంటే, తల తిరుగుతుంటే, ముఖం వంకరపోతే ఆలస్యం వద్దు.  ఈ హోరుతో బతకలేనని ఎవరైనా అంటే దాన్ని మాటవరసగా తీసుకోకండి. ఆ రోజే సైకియాట్రిస్టుకు చూపించండి.

ఇవన్నీ తేల్చుకున్నాక మిగిలిన మనిషి, హియరింగ్ ఎయిడ్ పెట్టుకుని, నిద్ర క్రమశిక్షణ పాటిస్తూ, "సూదులు కూడా చూస్తాను" అంటే నేను అడ్డుచెప్పను. కొన్ని షరతులు పెడతాను. సూది ప్రతిసారీ కొత్త ప్యాకెట్ నుంచి, తన కళ్ళ ముందు తీయాలి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. పేస్‌మేకర్ ఉంటే సూదులకు కరెంటు పెట్టనివ్వకూడదు. భుజాల మీద, ఛాతీ మీద లోతుగా గుచ్చనివ్వకూడదు. ఊపిరితిత్తికి చిల్లు పడ్డ కేసులు అరుదుగానైనా ఉన్నాయి. నిద్ర ఎప్పుడు పట్టిందో, ఎన్నిసార్లు లేచాడో రోజూ పొద్దున ఒక నోటుబుక్కులో రాయాలి. నాలుగైదు వారాలకు ఆ బుక్కులో మార్పు లేకపోతే ఆపేయాలి. "హోరు పూర్తిగా పోగొడతాను, ముందు ప్యాకేజీ డబ్బు కట్టండి" అన్నవాడి దగ్గర అసలు కూర్చోవద్దు.

చివరిగా ఒక పని. ఈ జిల్లాలో మరమగ్గాలు ఉన్నాయి, వాటి మోతకు చెవులు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు, ఆడియోమీటర్లు ఉన్నాయి, ఆక్యుపంక్చర్ వైద్యులు ఉన్నారు. హోరుతో నిద్రపట్టనివాళ్ళను మూడు జట్లుగా విడదీయవచ్చు. అందరికీ నిద్ర క్రమశిక్షణ నేర్పి, ఒక జట్టుకు నిజం సూదులు, ఒక జట్టుకు ఉత్తుత్తి సూదులు వేసి, మూడో జట్టుకు ఏ సూదీ వేయకుండా అంతే సేపు కూర్చుని మాట్లాడాలి. 7 ప్రశ్నల నిద్ర కొలత మూడు నెలల తర్వాత తీయాలి. తీసేవాళ్ళకు ఎవరు ఏ జట్టో తెలియకూడదు. ఫలితం ఎటు వచ్చినా అచ్చు వేస్తామని పరీక్ష మొదలుకాక ముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. ఇందుకు ఎథిక్స్ కమిటీ కావాలి, లెక్కలు చూసే స్టాటిస్టీషియన్ ఒకరు కావాలి, ఉత్తుత్తి సూదులు బయటి నుంచి తెప్పించాలి. ముందుకు రాదలచిన మిత్రులు, ముఖ్యంగా ఆక్యుపంక్చర్ చేసేవాళ్ళు, సభ అయ్యాక టీ దగ్గర నన్ను కలవండి.